మా ముత్తాత ఏ ఊరి నుంచి రంగం వెళ్ళాడో ఎలా తెలుసుకోవాలి?

బర్మాక్యాంపు మనవరాలు:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది విశాఖపట్నం, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు. మా తాత, నానమ్మ 1965లో ఇద్దరు పిల్లలతో బర్మాలోని రంగూన్ నుంచి ఓడలో వచ్చారు, మా వాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. అక్కడ తాతకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. 1964 మార్చిలో నే విన్ ప్రభుత్వం కొట్లన్నీ జాతీయం చేసేసింది, మళ్ళీ మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు, అలా కొట్టూ దాచుకున్న డబ్బూ రెండూ రెండు నెలల్లో పోయాయట. ఆ కథంతా మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. కానీ అంతకు ముందు కథ, అంటే ఇక్కణ్ణుంచి అక్కడికి ఎవరు వెళ్ళారు, ఏ ఊరి నుంచి వెళ్ళారు అన్నది మాత్రం ఎవరికీ సరిగ్గా తెలీదు.

తాత పోయి ఏడాది అయింది. సంవత్సరీకం రోజు పురోహితుడుగారు మూడు తరాల పేర్లు, స్వగ్రామం అడిగారు. పేర్లు చెప్పగలిగాం. ఊరు అడిగేసరికి అందరం నానమ్మ వైపు చూశాం, ఆవిడ "రంగం" అని చెప్పి ఏడ్చేసింది. ఆవిడ బర్మాలోనే మౌల్మేన్‌లో పుట్టింది, ఇప్పుడు 86 ఏళ్ళు. "మీ తాత వాళ్ళ ఊరు ఒక్కసారి చూపించండర్రా" అంటోంది. అప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

మాకు తెలిసింది ఇంతే. మా ఇంటిపేరు జలుమూరు. ముత్తాత కూలీల్ని తీసుకెళ్ళే ఒక మేస్త్రీతో కలిసి రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేశాడు, 1920ల్లో అయి ఉండాలి. తర్వాత ఒకసారి ఊరొచ్చి ముత్తమ్మని పెళ్ళి చేసుకుని తీసుకెళ్ళాడు. ఆవిడ పేరు గున్నమ్మ. తాత 1936లో అక్కడే పుట్టాడు. ముత్తాతకి మిల్లు వాళ్ళు ఇచ్చిన ఒక చీటీ మా దగ్గరుంది, సగం చెదలు తినేసింది, అందులో ఇంగ్లీషులో "గంజాం జిల్లా" అని ఉంది, ఊరి పేరు ఉన్న చోటే చిరిగిపోయింది. గున్నమ్మగారు నానమ్మతో చెప్పేదట, తెల్లారుజామున చద్దన్నం తిని బయల్దేరి, ఏరు దాటి, ఎండ ముదరకముందే బారువ రేవుకి చేరాం అని. ఇంటి వెనక దొడ్లో బావి, బావి పక్కన పనస చెట్టు ఉండేవని కూడా.

గంజాం అంటే ఒడిశా కదా అని బరంపురం వైపు తెలిసినవాళ్ళ ద్వారా అడిగించాను, లాభం లేదు. ఇంటిపేరు జలుమూరు కాబట్టి శ్రీకాకుళం జిల్లా జలుమూరు కూడా వెళ్ళొచ్చాం. శ్రీముఖలింగంలో దర్శనం చేసుకుని ఊరంతా తిరిగాం, ఆ ఇంటిపేరు వాళ్ళు ఒక్కరు కూడా దొరకలేదు. ఇప్పుడు ఎటు వెళ్ళాలో తోచట్లేదు. ఇలా వెతికినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కాకినాడ రేవు:

అమ్మా, ఓడల జాబితాలు ఉంటాయి, వాటిలో వెతకండి. అప్పట్లో కూలీలుగా వెళ్ళిన ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకునేవారు. మాకు తెలిసిన ఒకాయన అలాగే వాళ్ళ ముత్తాత ఊరు పట్టుకున్నాడు. మన తెలుగువాళ్ళు ఎంతమంది వెళ్ళారంటే రంగూన్‌లో మనల్ని కోరంగీలు అని పిలిచేవారు, మా పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. కాబట్టి రికార్డు లేకుండా ఉండదు. చెన్నై ఆర్కైవ్స్‌లో అడిగి చూడండి.

డర్బన్ చుట్టం:

పై అన్నగారు మంచి మనసుతో చెప్పారు కానీ, ఆమె ఆ మాట పట్టుకుని చెన్నై వెళ్తే డబ్బూ టైమూ రెండూ వృథా అవుతాయి, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ జాబితాలు ఉన్నది గిర్మిట్ కూలీలకి, అంటే ఒప్పందం మీద సముద్రం దాటి వేరే వలస రాజ్యాలకి పంపినవాళ్ళకి. మా అమ్మమ్మ వైపు ఒక శాఖ అలా దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్ళింది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి విడత కూలీలతో డర్బన్ చేరింది, అక్కణ్ణుంచి 1911 దాకా లక్షా 52 వేల మందిని తీసుకెళ్ళారు. ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ, అన్నీ రాశారు. మారిషస్‌కి వెళ్ళినవాళ్ళ రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొంతమందికి ఫొటోలు కూడా ఉన్నాయి. ఫిజీ వాళ్ళకీ ఎమిగ్రేషన్ పాసులు ఉన్నాయి. వీటిలో ఇంటిపేరు మాత్రం రాయలేదు, అప్పలసామి కొడుకు రామసామి అని రాసుకుని వదిలేశారు, అది వేరే బాధ. ఊళ్ళ పేర్లు కూడా తెలుగు రాని గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు, మా వాళ్ళ ఊరు గజపతినగరం దగ్గరిదని పోల్చుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది, పైకి చదువుకుంటే గానీ అర్థం కాలేదు.

బర్మా సంగతి వేరు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. బారువలోనో కళింగపట్నంలోనో భీమిలిలోనో ఓడెక్కి రంగూన్‌లో దిగడం అంటే చట్టం దృష్టిలో ఇప్పుడు మనం విశాఖలో రైలెక్కి చెన్నైలో దిగినట్టే. టికెట్ కొనుక్కుని డెక్కు మీద కూర్చుంటారు, పాస్‌పోర్టు లేదు, ఒప్పంద పత్రం లేదు. ఎంతమంది ఎక్కారో లెక్క ఉంటుంది గానీ మనిషి పేరు, ఊరు రాసిన రిజిస్టరు ఉండదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా మన దేశం వాళ్ళే, అంతమంది వెళ్ళినా ఒక్కొక్కరి పేరుతో కాగితం లేకపోవడానికి కారణం ఇదే. కాబట్టి అక్కా, మీ వెతుకులాట కాగితం నుంచి కాదు, నానమ్మగారి మాటల నుంచే మొదలవ్వాలి. ఆవిడ చెప్పేదంతా ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి, ఇవాళే.

ఇంకోటి, 1948 తర్వాత అక్కడ మనవాళ్ళని విదేశీయులుగా నమోదు చేసి సర్టిఫికెట్ ఇచ్చారు, ఎఫ్‌ఆర్‌సి అనేవారు. తాతగారిది ఉందేమో చూడండి. తిరిగొచ్చాక ఇక్కడ పునరావాస లోన్ కోసం పెట్టుకున్న అర్జీ కాపీ ఉంటే అది కూడా.

బర్మాక్యాంపు మనవరాలు:

చాలా థ్యాంక్స్ అండి. జాబితా ఎందుకు దొరకట్లేదో ఇన్నాళ్ళకి అర్థమైంది, నేనే సరిగ్గా వెతకట్లేదేమో అనుకున్నాను. ఎఫ్‌ఆర్‌సి ఉంది, అందులో తాత పుట్టింది రంగూన్ అని మాత్రమే ఉంది. లోన్ కాగితాలు దొరకలేదు.

మానేరు గాలి:

మాది కరీంనగర్ దిక్కు. మా తాతల పేర్లు ఏడు తరాల దాకా మాకు పిచ్చికుంట్లవాళ్ళు చెప్పిన్రు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చినం, ఎవరెవరు అన్నదమ్ములు, అంతా వాళ్ళకి నోటికి వస్తది. పద్మశాలీలకి కూనపులివాళ్ళు, ముదిరాజులకి కాకిపడగలవాళ్ళు, ఇట్ల ఒక్కో కులానికి ఒక్కరుంటరు. మీ కులానికి మీ దిక్కు అసొంటోళ్ళు ఎవరన్న వస్తరా, ముసలోళ్ళని అడుగున్రి. వాళ్ళు కూడ తగ్గిపోతున్నరు, లేటు చెయ్యకున్రి.

ఉద్దానం కొబ్బరి:

అక్కా, నాది సోంపేట దగ్గర. మీ పోస్టు మూడుసార్లు చదివాను. మీరు వెళ్ళిన రెండు దారులూ తప్పినవే కానీ మీ దగ్గరున్న ఆనవాళ్ళు చాలా గట్టివి.

ముందు గంజాం. మీ ముత్తాత వెళ్ళినప్పుడు మా సోంపేట, టెక్కలి, చీకాకోలు (ఇప్పటి శ్రీకాకుళం) తాలూకాలు గంజాం జిల్లాలోనే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం అటు వెళ్ళింది, మా తెలుగు తాలూకాలని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. అంటే ఊరు కదల్లేదు, జిల్లా పేరే రెండుసార్లు మారింది. కాబట్టి పాత కాగితంలో గంజాం అని చూసి బరంపురం వెళ్ళక్కర్లేదు.

ఇక ఇంటిపేరు. దీని దగ్గరే చాలామంది పొరబడతారు. ఊరి పేరు ఇంటిపేరుగా ఉందంటే ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళని కాదు, ఆ ఊరు వదిలేసి వచ్చినవాళ్ళని అలా పిలిచారని అర్థం. జలుమూరులో అందరూ జలుమూరు వాళ్ళే, అక్కడ ఒక ఇంటిని పట్టుకుని "జలుమూరోళ్ళు" అని ఎవరంటారు? వేరే ఊరికి వచ్చి ఇల్లు కట్టుకున్నాక ఆ కొత్త ఊరి వాళ్ళు అంటారు, ఫలానా జలుమూరోళ్ళు అని. మా ఊళ్ళో టెక్కలి వాళ్ళు, పొందూరు వాళ్ళు ఉన్నారు, టెక్కలి వాళ్ళలో ఒక్కరికి కూడా ఇప్పుడు టెక్కలిలో చుట్టాలు లేరు. అంటే మీ వాళ్ళు రంగం వెళ్ళక ముందే ఒకసారి ఊరు మారారు. ఎన్ని తరాల క్రితమో చెప్పలేం. జలుమూరులో మీ ఇంటిపేరు దొరక్కపోవడం మీ వెతుకులాట తప్పని కాదు, అది అలాగే ఉండాలి. రంగం వెళ్ళిన ఊరు మాత్రం వేరే.

ఆ ఊరు ఎక్కడో గున్నమ్మగారు చెప్పారు. ఏరు అంటే మహేంద్రతనయ అయి ఉండాలి, అది బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది. చద్దన్నం తిని బయల్దేరి ఎండ ముదరకముందు చేరారంటే మూడు నాలుగు గంటల నడక, పిల్లాజెల్లా మూటలతో అయితే పది పన్నెండు కిలోమీటర్లు, మహా అయితే పదిహేను. మ్యాప్ తీసి బారువకి అవతలి గట్టున ఉన్న ఊళ్ళు ముందు చూడండి. పనస చెట్టు అంటే మా ఉద్దానమే, మాకు కొబ్బరి, జీడి, పనస లేని దొడ్డి ఉండదు. గున్నమ్మ అన్న పేరు కూడా మా వైపు పేరే, మీ విశాఖలో అంతగా వినపడదు. 1940లో మందస జమీందారీ మీద రైతులు తిరగబడినప్పుడు పోలీసు కాల్పుల్లో ప్రాణం పోగొట్టుకున్న వీరగున్నమ్మ ఊరు గుడారి రాజమణిపురం, మందస మండలంలోనిదే. పేరు ఒక్కటీ చూసి నమ్మకూడదు, కానీ ఏరు, నడక, పనస, పేరు నాలుగూ ఒకే చోటికి చూపిస్తున్నాయి.

చెయ్యాల్సింది ఏంటంటే, సోంపేట, మందస, కంచిలి, కవిటి మండలాల ఓటర్ల జాబితాలు ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో బూత్‌ల వారీగా తెలుగులో ఉంటాయి, ఇంటిపేరుతో సహా. పేరు టైపు చేసి వెతికితే దొరకదు, కళ్ళతో చదవాల్సిందే. విసుగ్గా ఉంటుంది, కానీ ఇంటిపేర్లు మా దగ్గర ఊరికి ఇన్ని ఇళ్ళని గుంపుగా ఉంటాయి, ఒక ఇల్లు దొరికితే పది దొరుకుతాయి. జలుమూరు ఒక్కటే కాదు, గున్నమ్మగారి పుట్టింటి ఇంటిపేరు, తాత అక్కచెల్లెళ్ళని ఇచ్చిన ఇళ్ళ పేర్లు కూడా రాసి పెట్టుకోండి. మేనరికాలు చేసుకునే రోజులవి, రెండు మూడు ఇంటిపేర్లు ఒకే చుట్టుపక్కల కనిపిస్తే అదే మీ చోటు. మేస్త్రీ పేరు తెలిస్తే ఇంకా మంచిది. మేస్త్రీలు ముందు డబ్బు ఇచ్చి మనుషుల్ని కట్టేవారు, తెలియని ఊళ్ళో ఎవరు డబ్బు ఇస్తారు, తన ఊరు, పక్క ఊరు, తన కులం వాళ్ళనే తీసుకెళ్ళేవారు.

పాత రికార్డులు:

నేను రెవెన్యూలో పనిచేసి రిటైర్ అయ్యాను, ఆ వైపు కొన్నేళ్ళు ఉన్నాను. తమ్ముడు చెప్పింది సరైన పద్ధతి. రికార్డుల గురించి మాత్రం నాలుగు మాటలు.

అమ్మా, అక్కడ చాలా ఊళ్ళు జమీందారీవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్వే చేసి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూమి రిజిస్టరు తయారుచేశారు, రైతు పేరు అందులో దొరుకుతుంది. కానీ మీ ముత్తాత 1920ల్లోనే వెళ్ళిపోయాడు, ఆయన పేరు ఉండదు, ఉంటే ఆయన అన్నదమ్ముల పేరు ఉండాలి. అదీ భూమి ఉంటేనే. భూమి ఉన్నవాళ్ళు బియ్యం మిల్లులో బస్తాలు మోయడానికి అంత దూరం ఎక్కువగా వెళ్ళలేదని నా అభిప్రాయం. పాత జనన మరణ రిజిస్టర్లు గ్రామ మునసబుల దగ్గర ఉండేవి, 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దు చేశాక కొన్ని తాలూకా ఆఫీసుకి చేరాయి, కొన్ని చేరలేదు. అందుకని ముందే నకళ్ళకి అర్జీలు పెట్టి తిరక్కండి. ఊరు తేలాక కావాలంటే పెట్టుకోవచ్చు.

ఊరికి వెళ్ళినప్పుడు ఒక జాగ్రత్త. మొదటి మాటే "మేము భూమి కోసం, వాటా కోసం రాలేదు" అని చెప్పండి. ఎనభై తొంభై ఏళ్ళ తర్వాత ఎవరో కాగితాలు పట్టుకుని వచ్చి మా ముత్తాత ఇక్కడివాడు అంటే ఎవరికైనా మొదట వచ్చే అనుమానం అదే, ఆ టెన్షన్‌లో తెలిసింది కూడా చెప్పరు. నా సర్వీసులో ఇలా వచ్చి నోరు విప్పించలేక తిరిగి వెళ్ళినవాళ్ళని చూశాను, చాలా బాధేసింది. కాగితాలు సంచిలోనే ఉంచండి. నానమ్మగారిని తీసుకెళ్ళండి, ఆవిడ అరుగు మీద కూర్చుని మాట్లాడితే వచ్చే మాటలు మనం అడిగితే రావు. "జలుమూరోళ్ళు ఎవరు" అని కాకుండా "రంగం వెళ్ళి మళ్ళీ రాని ఇల్లు ఏది" అని ముసలమ్మలని అడగండి. పేరు మర్చిపోతారు, వెళ్ళి రాకపోవడం మర్చిపోరు.

బర్మాక్యాంపు మనవరాలు:

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. నేను, మా తమ్ముడు కలిసి రోజూ రాత్రి కూర్చుని 41 బూత్‌లు చదివాం. జలుమూరు ఇంటిపేరు రెండు ఊళ్ళలో కనిపించింది. ఒక చోట మూడు ఇళ్ళు, ఇంకో చోట పదకొండు. ఆ పదకొండు ఇళ్ళున్న ఊళ్ళో గున్నమ్మ అనే పేరు నలుగురికి ఉంది, మా నానమ్మ చెప్పిన గున్నమ్మగారి పుట్టింటి ఇంటిపేరు కూడా అదే బూత్‌లో ఉంది. మ్యాప్‌లో చూస్తే ఏటికి అవతలి గట్టునే ఉంది. వాళ్ళని అడక్కుండా ఊరి పేరు ఇక్కడ రాయడం మర్యాద కాదు, ఉద్దానం తమ్ముడికి విడిగా పంపాను. నానమ్మకి ఇంకా చెప్పలేదు, కాకపోతే ఆశ పెట్టి బాధపెట్టినట్టు అవుతుంది.

ఉద్దానం కొబ్బరి:

అక్కా, ఆ ఊరు మా అత్తగారి ఊరికి రెండు కిలోమీటర్లు, ఇవాళ పొద్దున్నే వెళ్ళొచ్చాను. పెద్దాయన చెప్పినట్టే భూమి మాట ముందే తీసేసి కూర్చున్నాను. తొంభై దాటిన ఒక మామ్మ ఉంది. రంగం వెళ్ళి రాని ఇల్లు అనగానే వీధి చివరికి చెయ్యి చూపించి "రంగమోళ్ళ దొడ్డి" అంది. ఆ ఇంట్లో ఇప్పుడెవరూ లేరు, ఇల్లు కూడా లేదు, పక్కింటి వాళ్ళు కొబ్బరి మొక్కలు వేసుకున్నారు, కానీ ఊళ్ళో అందరూ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తున్నారు. వెళ్ళినవాళ్ళ పేర్లు మామ్మకి గుర్తులేవు, అందుకని మీ వాళ్ళే అని నేను గట్టిగా అనట్లేదు. ఇంకా ఒకరిద్దర్ని అడగాలి.

బావి ఉంది. పూడిపోయింది కానీ పైన రాళ్ళ వరుస కనిపిస్తోంది. పనస చెట్టు గురించి అడిగితే, 2018లో తిత్లీ తుపానుకి ఊళ్ళో ఉన్న పెద్ద చెట్లన్నీ పడిపోయాయి, దీంతో పాటే పోయింది అన్నారు. మొదలు ఇంకా ఉంది, ఫొటో తీశాను, మీకు పంపుతున్నాను. నానమ్మగారికి ఇది చూపించి, గున్నమ్మగారు బావికి ఏ పక్కన చెట్టు అని చెప్పేవారో అడగండి. ఇక్కడ మొదలు బావికి తూర్పు వైపు ఉంది.